పడవలో చిత్రశాల, రాగిరేకు మీద నది

అచ్చుబొమ్మల్లో ఐరోపా – 9

ఈ సంచికలో మనం చూడబోయే అచ్చుబొమ్మ చాలా చిన్నది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే వాటిలో ఇమిడిపోతుంది. రంగుల్లేవు. కాగితం మీద నల్లటి సన్నగీతలు, అంతే. పేరు 'పడవ చిత్రశాల'. 1862లో పారిస్‌లో వెలువడింది. గీసినవాడు షార్ల్ ఫ్రాంస్వా దోబిన్యీ.

ఈ బొమ్మ మనల్ని ఒక పడవ గదిలోకి తీసుకెళ్తుంది. చిత్రకారుడు మనవైపు వీపు పెట్టి కూర్చుని, ఎదురుగా నిలబెట్టిన పటం మీద పనిలో మునిగి ఉన్నాడు. గదికి అవతలి కొస తెరిచి ఉంది. అందులోంచి నది, ఒడ్డు, చెట్లు కనిపిస్తున్నాయి. గది లోపల గీతలు దట్టంగా ఒకదాని మీద ఒకటి అల్లుకున్నాయి. బయట నది దగ్గరికి వచ్చేసరికి పలచబడ్డాయి, కొన్నిచోట్ల ఏ గీతా లేని కాగితమే వెలుగైంది. చుట్టూ రోజూ వాడుకునే సామాను. ఒక పక్కనున్న పటం మీద ఒకే ఒక్క మాట రాసి ఉంది: 'రెయలీస్మ్'. అంటే వాస్తవికత.

పల్లెటూరు, నదీతీరం, పడవ, చెట్లనీడ. ఈ వరస చూడగానే ప్రాణం కాస్త తెరిపిన పడుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి దృశ్యాలను జనం ఈ రోజుకీ ఆ ప్రశాంతత కోసమే గోడలకు తగిలించుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశాంతతను నమ్మి అక్కడే ఆగిపోతే చరిత్ర చేజారిపోతుంది. దోబిన్యీ చిత్రించిన నది నిద్రపోతున్న నది కాదు, రేయింబవళ్ళు బరువులు మోసిన నది. ప్రదర్శనశాలల కోసం వేసిన పెద్ద తైలవర్ణ చిత్రాల్లో ఆ బరువు చాలామటుకు కనిపించదు. మిత్రుల వినోదం కోసం గీసిన చిన్న అచ్చుబొమ్మల్లోనే దాని జాడలు మిగిలాయి. అందుకే ఈ భాగాన్ని ఆ పెద్ద చిత్రాలకు కాకుండా ఈ చిన్న రేకులకు కేటాయించాను.

దాది ఊరు, కూలిగీతలు

దోబిన్యీ 1817 ఫిబ్రవరి 15న పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఎద్మే చిత్రకారుడు, చిన్నాన్న పియేర్ సూక్ష్మచిత్రాల్లో సిద్ధహస్తుడు. పిల్లవాడు బలహీనంగా ఉండడంతో ఇంట్లోవాళ్ళు వాజ్ నదికి దగ్గర్లోని వాల్‌మోందువా అనే పల్లెలో ఒక దాది దగ్గర పెట్టి పెంచారు. ఆమెను అందరూ బాజో అమ్మ అనేవారు. పంటచేలు, పళ్ళతోటలు, నది వాసన, ఇవన్నీ అతనికి పారిస్ వీధుల కన్నా ముందే తెలిశాయి. పేరుప్రతిష్ఠలు వచ్చాక కూడా అతను ఆ పరిసరాలను విడిచిపెట్టలేదు. ఆ దాది ఇంటినీ చిత్రంగా వేశాడు.

బతుకుతెరువు మాత్రం పారిస్‌లోనే వెతుక్కోవలసి వచ్చింది. 1836లో, పందొమ్మిదేళ్ళ వయసులో, మీన్యాన్ అనే మిత్రుడితో కలిసి దాచుకున్న డబ్బుతో ఇటలీ వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చి రాజసంగ్రహాలలో పాత చిత్రాలు బాగుచేసే పనిలో చేరాడు. ప్రభుత్వ ఖర్చుతో రోమ్‌లో చదువుకునే అవకాశమిచ్చే 'ప్రి ద రోమ్' పోటీకి 1841లో సిద్ధమై, నియమాల చిక్కులో పడి అనర్హుడయ్యాడు. ఆ పోటీలో నెగ్గితే పురాణకథల నేపథ్యంగా కొండలూ శిథిలాలూ వేసే అధికారిక చిత్రకారుడు అయ్యేవాడేమో. ఓడాడు గనక పుస్తకాలకు బొమ్మలు గీసి పొట్టపోసుకున్నాడు.

ఆ రోజుల్లో అతను ముగ్గురు మిత్రులతో కలిసి బతికిన తీరు చెప్పుకోదగ్గది. త్రిమోలే, స్టైన్‌హైల్ చిత్రకారులు, జోఫ్రువా దెషోమ్ శిల్పి. నలుగురూ సంపాదన ఒకచోట వేసుకునేవారు. ఏటా వారిలో ఒకరికి చిల్లర పనుల నుంచి విముక్తి. ఆ ఏడాది అతను సలోన్ ప్రదర్శన కోసం తనకు నచ్చిన పెద్ద పని చేసుకోవచ్చు, మిగతా ముగ్గురూ అతన్ని పోషించాలి. ప్రభుత్వం ఏటా, కొన్నాళ్ళు రెండేళ్ళకోసారి, నడిపిన సలోన్ ప్రదర్శనే అప్పట్లో చిత్రకారుడి జాతకం తేల్చేది. అందులో చోటు దొరకనివాడికి కొనుగోలుదారులూ దొరికేవారు కాదు.

పుస్తకాల బొమ్మలు గీయడం దోబిన్యీకి రెండు సంగతులు నేర్పింది. తక్కువ జాగాలో ఎక్కువ చెప్పడం ఒకటి. గీత అచ్చులోకి వెళ్ళాక ఎలా మారుతుందో ముందే ఊహించగలగడం రెండోది. 1850లలో లూవ్ర్ సంగ్రహాలయపు రాగిరేకుల విభాగం అతనికి ఒక పని అప్పగించింది. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రౌస్‌డాల్ వేసిన 'పొద' చిత్రాన్ని అచ్చుకు అనువుగా రేకు మీద చెక్కాలి. 1855లో పూర్తిచేశాడు. మబ్బులు కమ్మిన ఆకాశాన్ని, మట్టిదారిని, గాలికి ఊగే పొదను గీతల్లోకి దింపడం అలా పాత పెద్దల దగ్గరే నేర్చుకున్నాడు.

నది మీద బొగ్గు

ఇక నది సంగతి. వాజ్ నది ఉత్తరాన బెల్జియం వైపు పుట్టి, సుమారు 340 కిలోమీటర్లు ప్రవహించి, పారిస్‌కు దిగువన కోంఫ్లాన్ దగ్గర సీన్ నదిలో కలుస్తుంది. పటంలో చూస్తే సాధారణమైన ఉపనది. ఆర్థికచరిత్రలో చూస్తే పారిస్‌కు బొగ్గు అందించిన దారి. 1810లో నెపోలియన్ హయాంలో సాన్ కాంతాన్ కాలువ తెరుచుకోవడంతో ఉత్తరాది బొగ్గుగనులకూ రాజధానికీ మధ్య జలమార్గం ఏర్పడింది. బొగ్గుపడవలన్నీ వాజ్ మీదుగానే దిగాలి. నదిలో లాకులు కట్టారు. ఒడ్డు పొడవునా పడవలాగే బాటలు వేశారు. ఆ బాటల మీద గుర్రాలు తాడు లాగుతుంటే నీటిలో బరువైన పడవలు మెల్లగా కదిలేవి. గుర్రాలకు డబ్బు పెట్టుకోలేని పడవవాళ్ళు భుజానికి పట్టీ వేసుకుని తామే లాగేవారు. ఆ పనిలో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉండేవారు.

1846లో ఉత్తర రైలుమార్గం ఇదే లోయ గుండా వచ్చింది. పారిస్ నుంచి ఈ లోయలోని ఓవేర్‌కు, వాల్‌మోందువాకు పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. సీన్ నది మీద ఆవిరిపడవల రద్దీ పెరిగింది. 1850లలో గొలుసు పడవలు కూడా దిగాయి. నది అడుగున పొడుగాటి ఇనుపగొలుసు పరిచేవారు. ఆవిరియంత్రం ఉన్న పడవ ఆ గొలుసును ముందునుంచి పైకి లాక్కుని, తన చక్రాల మీదుగా తిప్పి, వెనకనుంచి నీటిలోకి వదిలిపెడుతూ సాగేది. దాని వెంట బరువు పడవల వరస. చప్పుడు, పొగ, అలలు.

అదే సమయంలో పారిస్ ఉబ్బిపోతోంది. 1851లో పదిలక్షలు దాటిన జనాభా, చుట్టుపక్కల ఊళ్ళను 1860లో కలిపేసుకున్నాక, 1866 నాటికి 18 లక్షలు మించింది. పారిస్ పాలనాధికారి ఓస్మాన్ కొత్త రహదారుల కోసం పాత వీధులు కూలుస్తున్నాడు. ఆ దుమ్ము మధ్య బతికే మధ్యతరగతి కుటుంబాలకు పల్లె దృశ్యం మీద ఆకలి పుట్టింది. చక్రవర్తి మూడో నెపోలియన్ ప్రభుత్వానికీ ఆ ఆకలి నచ్చింది. 1848 విప్లవం చూసిన దేశంలో, వీధి అడ్డుకట్టల బొమ్మ కన్నా చెరువుగట్టు బొమ్మ పాలకులకు ఎంతో సౌకర్యం. దోబిన్యీ వేసిన 'జీల్యూ చెరువు'ను 1853లో చక్రవర్తి కొన్నాడు. 'వసంతం' చిత్రాన్ని 1857లో ప్రభుత్వం కొంది. 1859లో అతనికి లెజియన్ దోనర్ పతకం దక్కింది. పల్లెను ప్రేమించిన చిత్రకారుడు, ప్రశాంతత కోరుకున్న నగరం, అలజడి వద్దనుకున్న ప్రభుత్వం, ఈ మూడూ ఒకచోట కలిశాయి.

ప్రదర్శనలో గెలవడానికి ఆ ప్రశాంతత చాలు. దోబిన్యీకి మాత్రం అది చాల్లేదు.

బోతాన్

1857లో అతను ఒక పడవ సమకూర్చుకున్నాడు. పొడవు దాదాపు 28 అడుగులు, వెడల్పు 6 అడుగులు. అడుగు బల్లపరుపుగా ఉండడం వల్ల లోతు తక్కువున్న చోట్లకీ, రెల్లు మొలిచిన మూలలకీ వెళ్ళగలదు. వెనకభాగంలో చెక్కగది కట్టించాడు. అందులో పరుపులు, గిన్నెలు, రంగులు దాచుకునే పెట్టెలు. దానికి 'బోతాన్' అని ముద్దుపేరు వచ్చింది, చిన్న డబ్బా అన్న అర్థంలో. పడవకు నాయకుడు దోబిన్యీ. పదకొండేళ్ళ కొడుకు కార్ల్ ఓడకుర్రాడు. స్నేహితుడైన పెద్ద చిత్రకారుడు కోరోకు గౌరవ నౌకాధిపతి హోదా.

అంతకుముందు చిత్రకారులు ఆరుబయట పనిచేయలేదని కాదు. బార్బిజాన్ పల్లె దగ్గర రూసో, మియే తదితరులు అడవి అంచున మకాం పెట్టి ఏళ్ళు గడిచాయి. 1841లో లోహపు గొట్టాల్లో తైలవర్ణాలు అమ్మకానికి రావడంతో రంగులు వెంట తీసుకెళ్ళడం తేలికైంది. అయినా ఎక్కువమంది బయట చిన్న నమూనా గీసుకుని, ఊళ్ళోని చిత్రశాలకు తిరిగొచ్చి అసలు చిత్రం పూర్తిచేసేవారు. దోబిన్యీ ఆ మధ్యదూరాన్ని వీలైనంత చెరిపేశాడు. చిత్రశాలనే దృశ్యం మధ్యకు తెచ్చుకున్నాడు. వాన వస్తే గదిలో కూర్చుని వానను చూస్తూనే వేయొచ్చు. నచ్చిన వెలుగు కోసం తెల్లారకముందే లేస్తే చాలు, నడిచి వెళ్ళనక్కర్లేదు.

పడవ ఇంకో మార్పు కూడా తెచ్చింది. ఒడ్డున నిలబడి నదిని చూసేవాడికి ముందు గట్టు, గడ్డి, ఒక చెట్టు కనిపిస్తాయి, ఆ తర్వాతే నీళ్ళు. నది మధ్య కూర్చున్నవాడికి అడుగునుంచే నీళ్ళు మొదలవుతాయి. చూపు నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది. రెండు ఒడ్డులూ రెండు పక్కలా పలచటి పట్టీల్లా దూరమవుతాయి. పైన సగం ఆకాశం, కింద సగం ఆ ఆకాశం నీడ. 1857 తర్వాత అతను వేసిన వాజ్, సీన్ నదీచిత్రాల్లో ఈ కూర్పు మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. చిత్రకళ చరిత్రలో ఇది చిన్న మార్పేమీ కాదు. నేలమీద నిలబడిన మనిషి ధీమా ఆ చిత్రాల్లో లేదు, కదిలే నీటి మీద ఒక క్షణం ఆగిన చూపు ఉంది.

పదహారు రేకులు

ప్రయాణాల నుంచి తిరిగొచ్చాక ఇంట్లోవాళ్ళకూ మిత్రులకూ చూపించడానికి దోబిన్యీ సరదా బొమ్మలు గీసేవాడు. ఏ ఊళ్ళో ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ చిక్కుకున్నారు అన్న ముచ్చట్లు. అవే 1862లో 'పడవ ప్రయాణం' పేరుతో, రాగిరేకును ఆమ్లంతో కొరికించి తీసే అచ్చుబొమ్మల, అంటే ఎచింగ్‌ల సంపుటంగా వచ్చాయి. శీర్షిక పుటతో కలిపి మొత్తం పదహారు. అచ్చువేసి అమ్మినవాడు అల్ఫ్రేద్ కాదార్.

కథ పారిస్ పొలిమేరలోని ఆన్యేర్‌లో, బయల్దేరే ముందు పెట్టుకున్న విందుతో మొదలవుతుంది. తర్వాత పడవలోకి సామాను చేరవేత. పరుపులూ గిన్నెలూ మోసుకెళ్ళే ఆ బొమ్మలో కళాసాధన కన్నా కాపురం మార్చే హడావుడే ఎక్కువ. తర్వాత బస కోసం ఊళ్ళో సత్రం వెతుక్కోవడం. సత్రం లోపల ఒక దృశ్యం. పడవలోనే పడుకున్న రాత్రి. చీకట్లో వలవేసి చేపలు పట్టడం. చివరికొచ్చేసరికి ఓడకుర్రాడు వెళ్ళిపోతున్నాడని సంతోషంతో ఎగిరే చేపలు. బొమ్మలన్నిటిలోనూ తండ్రికి కొడుకు మీద ఉన్న మురిపెం కనిపిస్తుంది.

వీటిలో రెండు బొమ్మల దగ్గర చరిత్రకారుడు ఆగక తప్పదు.

ఒకటి, ఓడకుర్రాడు తాడు లాగే బొమ్మ. ఎదురుప్రవాహంలో పడవ కదలాలంటే ఎవరో ఒకరు ఒడ్డున దిగి లాగాలి. కార్ల్ దిగి లాగుతున్నాడు. ఆ పిల్లవాడికి అది సెలవుల ఆట. కానీ అదే బాట మీద, అదే భంగిమలో, ఒళ్ళు ముందుకు వాల్చి, ఏళ్ళ తరబడి బొగ్గుపడవలు లాగిన కుటుంబాలు ఉన్నాయి. ప్రదర్శన కోసం వేసిన నదీచిత్రంలో పడవ తనంతట తానే తేలుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ తాడు కనిపిస్తుంది. తాడు కొసన మనిషి కనిపిస్తాడు.

రెండోది, 'ఆవిరిపడవలొస్తున్నాయి, జాగ్రత్త!' అని హెచ్చరించే బొమ్మ. సీన్ మీద పొగ కక్కుతూ వచ్చే యంత్రం ముందు బోతాన్ ఎంత అల్పమైన వస్తువో ఆ ఒక్క రేకులో తెలిసిపోతుంది. అలకు తలకిందులయ్యే చిన్నపడవ, దాన్ని పట్టించుకునే తీరికలేని కొత్తకాలం. తైలవర్ణ చిత్రాల్లో ఈ ఆవిరిపడవ కోసం వెతికితే అరుదుగా దొరుకుతుంది. ప్రదర్శనకు వచ్చే నగరవాసి పొగను మరిచిపోవడానికే పల్లె దృశ్యం ముందు నిలబడతాడు మరి. మిత్రుల కోసం గీసిన రేకులో ఆ మొహమాటం అక్కర్లేదు.

ఈ నేపథ్యంలో 'పడవ చిత్రశాల' బొమ్మలోని 'వాస్తవికత' అన్న మాటను మళ్ళీ చూడండి. 1855 ప్రపంచ ప్రదర్శనలో తన పెద్ద చిత్రాలను తిరస్కరించినందుకు కూర్బే సొంత మంటపం వేసి, ఇదే మాటను తలుపు మీద రాయించాడు. 1856, 57ల్లో ఇదే పేరుతో ఒక పత్రిక వచ్చింది. అప్పట్లో ఇది వివాదాస్పదమైన మాట. రైతునూ రాళ్ళుకొట్టేవాణ్ణీ చిత్రకళలోకి తెచ్చినవాళ్ళ జెండా. దోబిన్యీ జెండాలు పట్టే మనిషి కాదు. ఇంటివాళ్ళ నవ్వుల కోసం గీసిన బొమ్మలో, గదిలో ఓ పక్కన, ఆ మాట రాసుకున్నాడు. తన పడవ ఏ పక్షాన ఉందో అతను చెప్పదలిచిన తీరు అదే అని నేను నమ్ముతున్నాను.

రాగి, మైనం, ఆమ్లం

ఈ రేకులు ఎలా తయారయ్యాయో దగ్గరగా చూస్తే, ఆ గీతల్లో అంత చురుకు ఎలా వచ్చిందో తెలుస్తుంది.

ముందు రాగిరేకును అద్దంలా నునుపుచేస్తారు. దాన్ని వేడిచేసి, మైనం, గుగ్గిలం వంటివి కలిసిన పూత పలచగా పరుస్తారు. దీపపు మసిపట్టించి ఆ పూతను నల్లబరుస్తారు. ఇక చిత్రకారుడు సూదితో గీస్తాడు. సూది తాకిన చోటల్లా నల్లపూత చీలి, కింద రాగి ఎర్రగా మెరుస్తుంది. రాగిని తవ్వనక్కర్లేదు, మైనాన్ని గీరితే చాలు. కాబట్టి చేయి కాగితం మీద కలంలాగే ఒడుపుగా పరిగెడుతుంది. పడవ ఊగినా, చెయ్యి వణికినా, ఆ వణుకు కూడా గీతలోకి వచ్చేస్తుంది.

తర్వాత రేకును నీళ్ళు కలిపిన నత్రికామ్లంలో ముంచుతారు. గీసిన చోట ఆమ్లం రాగిని తింటుంది. గీతల పొడుగునా సన్న బుడగలు లేస్తాయి. వాటిని పక్షి ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలి, లేకపోతే కాటు ఎగుడుదిగుడుగా పడుతుంది. ఆకాశానికి గీసిన సన్నగీతలు కొద్ది నిమిషాలు చాలు అనుకుంటే, రేకు బయటికి తీసి వాటిమీద వార్నిష్ పూసి, మిగతా భాగాన్ని మళ్ళీ ముంచుతారు. దూరపు చెట్లకు ఇంకాసేపు, దగ్గరి నీడలకు ఇంకా ఎక్కువసేపు. వెలుగు, చీకటి, దూరం, దగ్గర, అన్నీ ఆమ్లంలో ఉంచిన సమయంతోనే నిర్ణయమవుతాయి. నది నీటి మెరుపు కావాలంటే అక్కడ రేకును ముట్టుకోకుండా వదిలేయాలి.

చివరికి పూత తుడిచేసి, గీతల గాళ్ళలోకి సిరా పట్టించి, పైభాగం గుడ్డతోనూ అరచేత్తోనూ తుడిచి, తడికాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. బొమ్మ తిరగబడి వస్తుంది. రబ్బరుముద్రలో అక్షరాలు తిరగేసి చెక్కినట్టే, కుడివైపు ఒడ్డు కావాలంటే రేకు మీద ఎడమవైపు గీయాలి. ఇవన్నీ తెలిసిన అచ్చుపనివాడు పారిస్‌లో అప్పుడు ఒగుస్త్ దెలాత్ర్. సిరాను పూర్తిగా తుడిచేయకుండా అక్కడక్కడా పలచటి పొర వదిలి, సాయంత్రపు మసకనో నీటిపై పొగమంచునో తెప్పించడంలో అతనికి సాటి లేదు. అలా తీసినప్పుడు ఒకే రేకు నుంచి వచ్చిన రెండు ప్రతులు కూడా అచ్చం ఒకలా ఉండవు.

కాదార్, దెలాత్ర్‌లతో కలిసి కొందరు చిత్రకారులు 1862లోనే ఎచింగ్ కళాకారుల సంఘం ఒకటి స్థాపించారు. నెలకు అయిదు కొత్త ఎచింగ్‌లు చందాదారులకు అందించడం దాని పని. సెప్టెంబరులో వెలువడిన మొదటి సంచికలోనే దోబిన్యీ రేకు ఉంది, పక్కనే మానే, బ్రాక్మోం, లెగ్రో, రిబో రేకులు ఉన్నాయి. కవి బోద్లేర్ అదే ఏడాది ఈ కళను మెచ్చుకుంటూ వ్యాసాలు రాశాడు. ఆ ఉత్సాహానికి కారణం లేకపోలేదు. ఉన్న చిత్రాలకు నకళ్ళు తీసే పనిని ఫోటోగ్రఫీ మెల్లగా లాక్కుంటోంది. అచ్చు చెక్కేవాళ్ళ అన్నం ప్రమాదంలో పడింది. నకలు తీయడం యంత్రానికి వదిలేసి, చిత్రకారుడి చేతిరాతలాంటి స్వతంత్రమైన గీతను నిలబెట్టాలన్నది సంఘం ఉద్దేశం. రాగిరేకు మీద ఉక్కుపొర ఎక్కించే పద్ధతి అప్పటికి అందుబాటులోకి రావడంతో రేకు త్వరగా అరగకుండా ఎక్కువ ప్రతులు తీయడం కూడా వీలైంది. సంఘం 1867 దాకా నడిచింది.

దోబిన్యీ ఆ ఫోటోగ్రఫీని కూడా శత్రువులా చూడలేదు. అదే 1862లో అతను గాజుపలక మీద పూత పూసి, సూదితో గీరి, ఆ పలకను ఫోటో కాగితం మీద పెట్టి ఎండకు చూపించి బొమ్మలు తీశాడు. క్లిషే వేర్ అంటారు దీన్ని. కోరో అప్పటికే ఈ పద్ధతిలో చాలా పనిచేశాడు. రాగి, గాజు, సిరా, ఎండ, ఏది చేతికందితే దానితో నదిని పట్టుకోవాలన్న తపన అది.

విమర్శ, వారసత్వం

అందరూ మెచ్చలేదు. 1861 సలోన్‌ను సమీక్షిస్తూ ప్రముఖ విమర్శకుడు తెయోఫీల్ గోత్యే, దోబిన్యీ ప్రకృతి నుంచి తనకు కలిగిన ముద్రతోనే సరిపెట్టుకుని వివరాలను గాలికొదిలేస్తున్నాడని నొచ్చుకున్నాడు. పదమూడేళ్ళ తర్వాత, 1874లో, ఇదే ఆరోపణ ఒక ఉద్యమానికి పేరైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మోనే, పిసారో, రెన్వార్ తదితరులు సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నప్పుడు పత్రికలవాళ్ళు వారిని ఇంప్రెషనిస్టులు అన్నారు.

ఆ కుర్రాళ్ళ వెనక దోబిన్యీ నిలబడిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సలోన్ ఎంపికసంఘంలో చోటు దొరికాక, 1868లో వాళ్ళ చిత్రాల కోసం గట్టిగా వాదించి లోపలికి తెప్పించాడు. 1870లో మోనే చిత్రాలను తిరస్కరించినప్పుడు, కోరోతో పాటు ఆ సంఘం నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది ప్రష్యాతో యుద్ధం మొదలై, మోనే, దోబిన్యీ ఇద్దరూ లండన్‌లో తలదాచుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేని మోనేను చిత్రాల వ్యాపారి పోల్ ద్యురాం ర్యుయెల్‌కు పరిచయం చేసినవాడు దోబిన్యీయే. తర్వాతి దశాబ్దాల్లో ఇంప్రెషనిస్టులు బతికి బట్టకట్టడానికి ఆ వ్యాపారి కొనుగోళ్ళే ఆధారమయ్యాయి.

మోనే ఫ్రాన్స్ తిరిగొచ్చి, సీన్ ఒడ్డునే ఉన్న అర్జాంతయ్‌లో కాపురం పెట్టాడు. కొద్దికాలానికే తానూ ఒక చిత్రశాల పడవ సమకూర్చుకున్నాడు. 1874లో మిత్రుడు మానే ఆ పడవలో కూర్చుని పనిచేస్తున్న మోనేను చిత్రించాడు. ఆ చిత్రం ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. దోబిన్యీ 1862 రేకును దాని పక్కన పెట్టి చూస్తే బంధుత్వం దాచినా దాగదు. ఒక తేడా మాత్రం ఉంది. మోనే తరంవాళ్ళు ఫ్యాక్టరీ పొగగొట్టాలనూ రైలువంతెనలనూ తైలవర్ణ చిత్రాల్లోకే ధైర్యంగా తెచ్చుకున్నారు. దోబిన్యీ చిన్నరేకులకు పరిమితం చేసిన ఆవిరి, పన్నెండేళ్ళకు పెద్ద చిత్రాల్లోకి ప్రవేశించింది.

దోబిన్యీ 1860లో ఓవేర్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ గోడల మీద కోరో, దోమియే, కొడుకు కార్ల్ కలిసి బొమ్మలు వేశారు. 1878 ఫిబ్రవరి 19న పారిస్‌లో కన్నుమూశాడు. పేర్ లాషేజ్ శ్మశానంలో, మూడేళ్ళ ముందు పోయిన కోరో దగ్గర్లోనే సమాధి చేశారు. 1890 మే నెలలో ఓవేర్‌కు వచ్చిన వాన్ గో, దోబిన్యీ భార్య ఇంకా ఆ ఊళ్ళోనే ఉందని తెలిసి, వాళ్ళ తోటను ఒకటికి మూడుసార్లు చిత్రించాడు. జులై 29న అతనూ అక్కడే చనిపోయాడు. ఆ తోటచిత్రాల్లో ఒకటి ఇప్పుడు జపాన్‌లోని హిరోషిమా కళాసంగ్రహాలయంలో ఉంది.

కళాచరిత్ర పుస్తకాలు దోబిన్యీని ఎక్కువగా మోనేకు దారివేసినవాడిగా చూపిస్తాయి. అది నిజమే, కానీ అందులో సగమే ఉంది. 'పడవ ప్రయాణం' రేకులు రేపటి కోసం ఎదురుచూసే నమూనాలు కావు. తమ కాలపు నది గురించి అవి నేరుగా సాక్ష్యం చెప్తాయి. పడవను ఎవరు లాగారో, ఎదురుగా ఏ యంత్రం వచ్చిందో, చిత్రకారుడు ఎక్కడ వండుకుని ఎక్కడ పడుకున్నాడో, ఎలా పనిచేశాడో చెప్తాయి. ప్రశాంతమైన నదీతీరం బొమ్మ ఎక్కడ కనిపించినా అడగవలసిన ప్రశ్నలు ఇవే. అమ్మకానికి పెట్టిన చిత్రం జవాబు చెప్పకపోతే, అదే చేతి నుంచి వచ్చిన చిన్నపనుల్లో వెతకాలి. చరిత్ర చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఓవేర్ ఇంటి గోడ మీద బొమ్మ వేసిన దోమియే పేరు ఇందాక వచ్చింది. రాజును రాక్షసుడిగా గీసినందుకు 1832లో అతను జైలుకు వెళ్ళాడు. రాగిరేకుకు బదులు సున్నపురాయి మీద గీసిన బొమ్మలు పాలకులను అంతగా ఎందుకు భయపెట్టాయో, ఆ రాతిఅచ్చు వారపత్రికల జాతకాన్ని ఎలా మార్చిందో వచ్చే సంచికలో చూద్దాం.

(సశేషం)